దిగుడు లెక్క: మాంట్ బ్లాంక్ చుట్టుబాటలో నాలుగు రోజుల కేస్ స్టడీ

ఈ కేసులో ప్రధాన వ్యక్తి వయసు 62 ఏళ్లు. నెల్లూరులో జూనియర్ కళాశాల లెక్చరరుగా పనిచేసి రిటైరైన ఆయనను బృందంలో ఎక్కువమందిమి మాస్టారనే పిలిచాం కనుక ఇక్కడా అలాగే రాస్తాను. ఆయనకు బీపీ, షుగరు లేవు. రోజూ ఉదయం ఐదు కిలోమీటర్లు నడుస్తారు. ఏటా ఒకసారి అలిపిరి మెట్ల దారిలో తిరుమలకు కాలినడకన వెళ్తారు. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు దగ్గరికి వేసవికి వచ్చినప్పుడు, ఆల్ప్స్‌లో నాలుగు రోజులు నడవాలన్న కోరిక వెలిబుచ్చింది ఆయనే. ఆయన, కొడుకు, కోడలు, జర్మనీలో చదువుకుంటున్న కోడలి తమ్ముడు, నేను కలిసి మొత్తం ఐదుగురం జులై మొదటి వారంలో బయలుదేరాం.

నేను కూడా లోజాన్‌లోనే ఉంటాను. పదకొండేళ్లుగా వేసవి నడకలకు స్వచ్ఛందంగా నాయకత్వం వహిస్తున్నాను. ఈ నడకకు దారి ఎంచింది, హట్‌లలో (కొండ మీది బసల్లో) పడకలు బుక్ చేసింది, ఏ రోజు ఎటు వెళ్లాలో చివరి మాట చెప్పింది నేనే. అందువల్ల ఇందులో జరిగిన పొరపాటు కూడా నాదే. తల్లిదండ్రులను ఆల్ప్స్‌కు తీసుకురావాలనుకునే తెలుగు కుటుంబాలు నన్ను సలహా అడిగినప్పుడు మొదటి ప్రశ్న ఎప్పుడూ "ఎంత ఎత్తు ఎక్కాలి?" అనే ఉంటుంది. ఎంత దిగాలి అని అడిగినవాళ్లు అప్పటికి నాకు ఒక్కరూ తారసపడలేదు. విచారించవలసిన విషయమేమిటంటే, ఈ నడకకు ప్రణాళిక వేసేటప్పుడు ఆ ప్రశ్న నేను కూడా వేసుకోలేదు.

దారి, ప్రణాళిక

మాంట్ బ్లాంక్ పర్వతరాశి చుట్టూ తిరిగే బాట సుమారు 170 కిలోమీటర్లు ఉంటుంది. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల గుండా సాగుతూ, మొత్తం మీద పది వేల మీటర్ల దాకా ఎక్కి అంతే దిగే ఈ బాటను పూర్తిగా తిరగడానికి మామూలుగా పది పదకొండు రోజులు పడుతుంది. జెనీవా శాస్త్రవేత్త ఒరాస్ బెనెడిక్ట్ ద సొస్యూర్ 1767లోనే ఈ పర్వతాన్ని చుట్టి వచ్చాడు; శిఖరాన్ని బల్మా, పకార్ అనే ఇద్దరు తొలిసారి అందుకున్నది ఆ తర్వాత 19 ఏళ్లకు, 1786 ఆగస్టు 8న. చుట్టుబాట నడిచేవారు శిఖరం జోలికి పోరు. ఒక లోయ నుంచి కనుమ ఎక్కి, అవతలి లోయలోకి దిగి, మళ్లీ ఇంకో కనుమ ఎక్కుతూ పోతారు. ప్రతి కనుమకూ ఎక్కుడు ఎంత ఉంటుందో దాదాపు అంత దిగుడూ ఉంటుందన్నది ఈ నిర్మాణంలోనే ఉన్న సంగతి.

మేము ఎంచుకున్నది ఫ్రాన్స్‌లోని లెజూష్ నుంచి ఇటలీలోని కూర్మాయెర్ వరకు ఉన్న భాగం. మొదటి రోజు త్రికో కనుమ (2,120 మీటర్లు) దాటి కొంతమిన్ అనే ఊరు చేరడం. రెండో రోజు బోనోమ్ కనుమ (2,329) మీదుగా క్రువా దు బోనోమ్ హట్‌కు (2,443) ఎక్కడం. మూడో రోజు ఫూర్ కనుమ (2,665) దాటి మొత్తే అనే హట్‌కు (1,870) దిగడం. నాలుగో రోజు ఫ్రాన్స్, ఇటలీల సరిహద్దు అయిన సేన్య కనుమ (2,516) దాటి కూర్మాయెర్ చేరడం అన్నది పథకం.

హట్‌ల పద్ధతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో వాటి పాత్ర ఉంది. ఫ్రెంచివాళ్లు రెఫ్యూజ్ అని, ఇటాలియన్లు రిఫూజియో అని పిలిచే ఈ బసల్లో రాత్రి భోజనం అందరికీ ఒకే వేళకు, బల్లల మీద కలిపి వడ్డిస్తారు. పడకలు ఎక్కువగా డార్మిటరీలో ఉంటాయి. దుప్పట్లు అక్కడే ఇస్తారు కనుక మనం లోపల వేసుకునే పల్చటి పడక సంచి ఒక్కటి తీసుకెళ్తే చాలు. బూట్లు గుమ్మం దగ్గరే విడవాలి. రాత్రి పది గంటలకు దీపాలు ఆపేస్తారు. శాకాహారం కావాలంటే బుక్ చేసేటప్పుడే చెప్పాలి, అప్పుడు పప్పు కూరో, పొలెంటాయో (మొక్కజొన్న పిండి సంకటి) మామూలుగా దొరుకుతుంది. ఈ బాట మీద జులై, ఆగస్టు పడకలు నెలల ముందే నిండిపోతాయి. దానివల్ల వచ్చే చిక్కు ఒకటుంది: ఈ రాత్రికి పడక ఎక్కడ ఉందో అక్కడికే చేరి తీరాలన్న ఒత్తిడి మనసులో పొద్దున్నే మొదలవుతుంది. కాలు నొప్పిగా ఉన్నా, మబ్బు పడుతున్నా, బుక్ చేసిన మంచం మనల్ని ముందుకు లాగుతూనే ఉంటుంది.

మొదటి రోజు: నేను చేసిన తప్పు

లెజూష్ నుంచి బెల్వ్యూ అనే చోటికి కేబుల్ కారు ఉంది. అది నేరుగా 1,800 మీటర్ల ఎత్తున దింపుతుంది కనుక, పెద్దాయనకు మొదటి రోజు తేలికగా గడుస్తుందని దాన్ని ఎంచాను. అక్కడి నుంచి బాట అడవిలో కొంత దిగి, బియొనసే హిమానీనదం నుంచి వచ్చే ఏటి మీద కట్టిన వేలాడే వంతెన దాటి, త్రికో కనుమకు ఎక్కుతుంది. అవతల మియాజ్ అనే పచ్చిక మైదానానికి దిగి, ట్రుక్ అనే గుట్ట ఎక్కి, కొంతమిన్‌కు దిగుతుంది. ఎక్కుడంతా కలిపితే ఏడు వందల మీటర్ల లోపే. నా నోటుపుస్తకంలో ఆ రోజుకు ఎదురుగా "తేలిక" అని రాసుకున్నాను.

దిగుడు లెక్క వేసి ఉంటే ఆ మాట రాసేదాన్ని కాదు. త్రికో నుంచి మియాజ్‌కు 2,120 నుంచి 1,559కి, అంటే 561 మీటర్లు. ట్రుక్ నుంచి కొంతమిన్‌కు దాదాపు 1,720 నుంచి 1,167కి, అంటే మరో 553. వంతెన దాకా దిగేది కలపకుండానే మొత్తం 1,100 మీటర్లు దాటింది. కేబుల్ కారు ఎక్కుడును తగ్గించింది గాని దిగుడులో ఒక్క మీటరు కూడా తగ్గించలేదు. పైగా త్రికో అవతలి వైపు మియాజ్‌కు దిగే బాట గడ్డి వాలు మీద ఇరుకు మెలికలతో నిటారుగా దిగుతుంది. కనుమ మీద నిలబడితే కింద మైదానంలోని కొట్టాలు కాళ్ల దగ్గర పెట్టిన అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి.

మాస్టారు కనుమ ఎక్కినంతసేపూ మా అందరి కంటే నిలకడగా నడిచారు. ఊపిరి తొణకలేదు. ఎక్కడం ఆయనకు అలవాటైన పని. 3,550 మెట్లున్న అలిపిరి దారిని ఏటా ఎక్కుతున్న కాళ్లవి. దిగడం మొదలుపెట్టిన అరగంటకు కోడలు నా దగ్గరికి వచ్చి, "అక్కా, మామయ్యగారు ప్రతి మెట్టుకూ కుడికాలే ముందు కిందికి వేస్తున్నారు, చూశారా?" అంది. నేను చూడలేదు, ముందు నడుస్తున్నాను. దిగేటప్పుడు ఒంటి బరువును నెమ్మదిగా కిందికి దించేది పైమెట్టు మీదున్న కాలి మోకాలు. ఎవరైనా ఎప్పుడూ ఒకే కాలును ముందు కిందికి వేస్తున్నారంటే, ఆ కాలి మోకాలికి ఆ దించే పని పడకుండా తప్పిస్తున్నారన్నమాట. అంటే కుడి మోకాలు నొప్పిగా ఉంది.

"మాస్టారూ, మోకాలు ఎలా ఉంది?" అని అడిగాను.

"ఏం లేదమ్మా, కొంచెం బిగిసింది, అంతే" అన్నారు.

మియాజ్‌లో కూర్చోబెట్టి చూశాను. వాపు లేదు. మోకాలు మధ్యలో పట్టేసినట్టు ఆగిపోవడం లేదు, కాలు మడుచుకుపోయి పడబోవడం లేదు, ఒంటికాలి మీద నిలబడగలుగుతున్నారు. నొప్పి మోకాలి చిప్ప చుట్టూ, దిగేటప్పుడు మాత్రమే ఉంది. నేను వైద్యురాలిని కాను, ప్రథమ చికిత్స శిక్షణ వరకే నాకు తెలుసు. కాని వాపు, పట్టేయడం, కాలు మడుచుకుపోవడం, ఒంటికాలి మీద నిలబడలేకపోవడం, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా నడక అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. అవి లేవు కనుక, బరువు తగ్గించి, నిదానంగా కొంతమిన్ దాకా వెళ్లాం. ఆయన సంచి తూచలేదని అప్పుడు గుర్తొచ్చింది. రాత్రి ఊళ్లో తూచితే పది కిలోలకు పైనే ఉంది: రెండు స్వెట్టర్లు, పెద్ద టవలు, రెండు లీటర్ల నీళ్లు, కోడలికి తెలియకుండా పెట్టుకున్న కారప్పొడి డబ్బా, అందరికీ పంచడానికి తెచ్చిన నువ్వుల ఉండలు. ఉండలు తప్ప మిగతావన్నీ సగానికి తగ్గించాం.

దిగుడు వేరే పని ఎందుకంటే

ఎక్కేటప్పుడు తొడ ముందు వైపు కండరం కుదించుకుంటూ శరీరాన్ని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండరం భారాన్ని ఆపుతూ, సాగుతూ పనిచేయాలి. సాగుతూ భారం ఆపే పనిలో గుండెకు, ఊపిరితిత్తులకు శ్రమ తక్కువ. కండరపు పోగులకు మాత్రం దెబ్బ ఎక్కువ. అందుకే దిగుతున్నప్పుడు మనిషికి అలసట తెలియదు, ఆయాసం రాదు, బాగానే ఉన్నాననుకుంటాడు. నొప్పి తీవ్రత ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత పెరుగుతుంది. అలసిన కండరం భారాన్ని సరిగా ఆపలేనప్పుడు మిగిలిన అదురంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. ఇందులో ఊరటనిచ్చే సంగతి కూడా ఉంది: ఒకసారి మితంగా దిగిన కండరం తర్వాత కొన్ని వారాల పాటు అదే పనిని చాలా తక్కువ దెబ్బతో చేయగలుగుతుంది. అంటే ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు నాలుగైదు సార్లు దిగడం సాధన చేసి ఉంటే, మియాజ్ దిగుడు మాస్టారికి వేరేగా ఉండేది.

ఆయన సాధన అంతా ఎక్కడమే. ఈ మాట ఆయనతో రాత్రి భోజనం దగ్గర మాట్లాడుతుండగా బయటపడింది. "తిరుమల నుంచి కిందికి ఎలా వస్తారు మాస్టారూ?" అని అడిగాను. "దర్శనం అయినాక బస్సేగదమ్మా" అన్నారు. కాలినడకన కొండెక్కేవారిలో చాలామంది చేసేది అదే. మొక్కు ఎక్కడంతోనే తీరుతుంది. ముప్పై ఏళ్లుగా ఏటా వేల మెట్లు ఎక్కిన మనిషి మోకాళ్లు, ఒకే రోజు వెయ్యి మీటర్లు దిగడమనే పనిని జీవితంలో మొదటిసారి త్రికో అవతల చేశాయి. నేను ఫోనులో అడిగినప్పుడు "తిరుమల నడిచి ఎక్కుతాను" అన్న జవాబు విని తృప్తిపడి, తర్వాతి ప్రశ్న వేయలేదు.

రెండో రోజు: వెళ్లాలా, ఆగాలా

మర్నాడు ఉదయం కొడుకు నడక మానేద్దామన్నాడు. అది తొందరపాటు కాదు, ప్రేమ. కొంతమిన్ నుంచి బయటపడే దారి కూడా ఉంది: బస్సులో కిందికి వెళ్లి, రైల్లో షామొనీ చేరి, అక్కడి నుంచి 1965లో తెరిచిన 11.6 కిలోమీటర్ల మాంట్ బ్లాంక్ సొరంగం గుండా బస్సులో నేరుగా కూర్మాయెర్ వెళ్లవచ్చు. ఆ దారిని నేను తీసిపారేయలేదు. మధ్యాహ్నం బస్సు వేళలు రాసి పెట్టుకున్నాను. అయితే నిర్ణయానికి ముందు ఆ రోజు అంకెలు అందరి ముందూ పరిచాను.

బస్సులో లోయ చివరనున్న నోత్ర్ దామ్ ద లా గోర్జ్ గుడి దాకా (1,210 మీటర్లు) వెళ్తే, అక్కడి నుంచి హట్ దాకా సుమారు పది కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 1,270 మీటర్లు. దిగుడు, క్రువా దు బోనోమ్ శిలువ దగ్గరి కనుమ (2,479) నుంచి హట్‌కు 36 మీటర్లు మాత్రమే. మోకాలికి నొప్పి దిగేటప్పుడే ఉంది కనుక, విచిత్రంగా, మొత్తం ప్రయాణంలో ఆ మోకాలికి అతి తక్కువ హాని చేసే రోజు అదే. కాని ఒక మెలిక ఉంది. ఎక్కినవాళ్లం మర్నాడు దిగాలి. పైనుంచి ముందుకు ఏ దారిన దిగినా తొమ్మిది వందల మీటర్ల దగ్గరగా ఉంటుంది. అంటే రెండో రోజు నిర్ణయం నిజానికి మూడో రోజు దిగుడు గురించిన నిర్ణయం.

కాలం లెక్కకు నేను వాడేది ఆల్ప్స్‌లో జర్మన్ ప్రమాణం నుంచి వచ్చిన పద్ధతి. గంటకు 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు, సమతలంగా నాలుగు కిలోమీటర్లు చొప్పున నిలువు కాలం, అడ్డం కాలం విడివిడిగా కట్టి, రెండింటిలో పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. ఇక్కడ నిలువుకు 4.3 గంటలు, అడ్డానికి 2.5, మొత్తం ఐదున్నర గంటలు, విశ్రాంతి కాకుండా. హట్‌కు ఫోన్ చేసి అడిగితే నిర్వాహకురాలు రెండు సంగతులు చెప్పింది: రెండు కనుమల మధ్య అడ్డంగా సాగే బాట మీద ఇంకా మంచు పట్టీలు ఉన్నాయి, అయితే అడుగుల గుంటలు బాగా పడ్డాయి, సాయంత్రం మూడు తర్వాత ఉరుములు రావచ్చు. ఏడు గంటలకు గుడి దగ్గర నుంచి బయలుదేరితే విశ్రాంతులతో కలిపి రెండు లోపు చేరవచ్చు. మాస్టారిని నేరుగా అడిగాను. ఎక్కుతానన్నారు. మోకాలికి సాగే పట్టీ వేశాం. ఆయన సంచి బరువు నాలుగు కిలోలకు దించి మిగతాది మేము నలుగురం పంచుకున్నాం.

ఆ రోజు నడక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నాం బోరాం దాటాక లోయ విశాలమై, లా బాల్మ్ తర్వాత చెట్లు ఆగిపోతాయి. ప్లాన్ దె దామ్ అనే చోట పెద్ద రాళ్లకుప్ప ఉంది. తుఫానులో ఇద్దరు స్త్రీలు అక్కడ చనిపోయారని స్థానికుల కథ. దాటేవారు ఒక్కో రాయి వేస్తారు. మాస్టారూ ఒక రాయి వేసి, కాసేపు నిలబడ్డారు.

బోనోమ్ కనుమ దగ్గర మంచు పట్టీలు మొదలయ్యాయి. జులై మొదట్లో ఈ కనుమ నుంచి శిలువ దాకా ఉన్న భాగం, ఎత్తు పెద్దగా పెరగకపోయినా, రోజంతటిలో జాగ్రత్త ఎక్కువ అవసరమైన చోటు. బాట వాలుకు అడ్డంగా పోతుంది. మంచు మీద జారితే ఆపేది కింద ఉన్న బండరాళ్లే. పదకొండున్నరకు చేరాం కనుక పైపొర మెత్తబడి, అడుగు దిగుతోంది. తెల్లవారుజామున అయితే అదే మంచు గాజులా ఉంటుంది. బూట్లకు తొడిగే ఉక్కు పళ్ల గొలుసులు రెండు జతలు నా దగ్గర ఉన్నాయి. ఒక జత మాస్టారికి, ఒక జత కోడలికి ఇచ్చాను. నేను ముందు గుంటలు లోతు చేస్తూ, నా వెనుక ఆయన, ఆయన వెనుక కొడుకు. ఒక్కొక్క పట్టీ మీద ఒకరు దాటాకే మరొకరు. ఒకటీ ముప్పావుకు హట్ చేరాం. మూడుం పావుకు వడగళ్లు పడ్డాయి.

హట్‌లో సాయంత్రం

ఈ కేసులో నేను సరిగా చేసిన పని ఒకటుందంటే, అది ఆ సాయంత్రం బల్ల దగ్గర జరిగింది. మర్నాటి దారికి రెండు ఎంపికలు. అసలు పథకం ప్రకారం ఫూర్ కనుమ: ముందు 222 మీటర్లు ఎక్కి, 2,665 నుంచి మొత్తే కింద ఉన్న విల్ దె గ్లాసియే అనే చిన్న పల్లె (1,789) దాకా 876 మీటర్లు దిగాలి. రెండోది లె షాపియూ అనే పల్లెకు (1,554) నేరుగా 889 మీటర్లు దిగి, అక్కడి నుంచి వేసవిలో నడిచే చిన్న బస్సులో విల్ దె గ్లాసియే చేరడం. రెంటిలోనూ దిగుడు దాదాపు సమానమే. అంకె ఒకటే అయినా వాలు ఒకటి కాదు. ఫూర్ అవతల పైభాగమంతా మంచు, దాని కింద పలకరాయి పొడి మీద నిటారు బాట. షాపియూ వైపు పచ్చిక మీద వెడల్పాటి బాట, మంచు కొద్దిగా పైన మాత్రమే, ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు.

కోడలి తమ్ముడికి, మా కుర్రాడికి, ఫూర్ మీద మనసుంది. అది సహజం, ఈ భాగంలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ అదే. అతను నోరు తెరవకముందే మాస్టారు, "మీరంతా పైనుంచి పొండి, నేను నిదానంగా కిందికి దిగి బస్సులో వస్తాలే" అన్నారు. మన ఇళ్లలో ఈ మాట ఎంత మర్యాదగా వినిపిస్తుందో పర్వతం మీద అంత ప్రమాదకరం. పెద్దవాళ్లు తమ వల్ల పిల్లల సరదా పాడవకూడదని నొప్పిని దాస్తారు. పిల్లలు గౌరవం కొద్దీ గుచ్చి అడగరు. ఇద్దరి మంచితనం మధ్య అసలు సమాచారం ఎవరికీ అందదు. కాలు నొప్పి ఉన్న మనిషిని, భాష రాని చోట, మంచు కరుగుతున్న కొండ మీద ఒంటరిగా దించడం ఏ లెక్కలోనూ కుదరదు.

అందుకని ఆ సాయంత్రం నుంచి ఒక పద్ధతి పెట్టాను, ఇప్పటికీ పాటిస్తున్నాను. దారి గురించి ఎవరూ మాట్లాడకముందు, బృందంలో నెమ్మదిగా నడిచే మనిషి మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇప్పుడు నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత, ఈ రోజు అతి ఎక్కువ ఎప్పుడు, ఎంత. "బాగానే ఉంది" అన్నది జవాబుగా చెల్లదు, అంకె చెప్పాలి. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషికి అంకె అడగడం నచ్చింది. ఇప్పుడు రెండు, మెట్ల గది దిగేటప్పుడు నాలుగు, నిన్న మియాజ్ దగ్గర ఏడు అని చెప్పారు. ఏడు అన్న మాట విని కొడుకు ముఖం మారిపోయింది. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత చర్చ పొడిగించలేదు. అందరం షాపియూకే దిగుతాం, కలిసే దిగుతాం. కుర్రాడు కొంచెంసేపు మౌనంగా ఉన్నాడు, తర్వాత, "మామయ్యగారి సంచి రేపు నేను మోస్తాను" అన్నాడు. నాకు అది చాలు.

మూడో రోజు, నాలుగో రోజు

షాపియూ దిగుడు పద్ధతి లెక్కలో నిలువుకు 1.8 గంటలు, సుమారు ఐదున్నర కిలోమీటర్ల అడ్డానికి 1.4లో సగం, అంటే రెండున్నర గంటలు. దాన్ని ఒకటిన్నరతో హెచ్చించి నాలుగు గంటలకు దగ్గరగా పెట్టుకున్నాను. బయలుదేరింది ఏడుంపావుకు, చేరింది పదకొండూ అయిదుకు. అంటే మూడు గంటల యాభై నిమిషాలు.

దిగడంలో మార్చినవి ఇవి. నడక కర్రలను సమతలం మీదకన్నా అయిదారు సెంటీమీటర్లు పొడవు చేసి, రెండింటినీ ముందు కింది మెట్టు మీద ఆనించి, ఆ తర్వాతే కాలు దించడం. మొదటి రోజు ఆయన కర్రలను చేతిలో పట్టుకున్నారే గాని బరువు వాటి మీద వేయలేదు, నేను నేర్పలేదు. అడుగు చిన్నది చేయడం. ఒక పెద్ద మెట్టుకు బదులు పక్కన రెండు చిన్న మెట్లు వెతకడం. మోకాలును పూర్తిగా చాచి గట్టిగా నేల మోపకుండా కొంచెం వంచి ఉంచడం. ప్రతి ఇరవై నిమిషాలకు, నొప్పి వచ్చినా రాకపోయినా, మూడు నిమిషాలు ఆగడం. ఆగిన ప్రతిసారీ అంకె చెప్పడం. అంకెలు మూడుకు, అయిదుకు మధ్యే ఉన్నాయి. ఆరు దాటితే అరగంట ఆగుదామని ముందే ఒప్పందం. ఆ అవసరం రాలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పిడుగులతో వాన కురిసింది. ఆ వేళకు మేం విల్ దె గ్లాసియేలో బోఫోర్ అనే చీజ్ చేసే పాడి కొట్టం చూరు కింద నిలబడి ఉన్నాం. అసలు దారిలో వెళ్లి, మాస్టారి వేగంతో ఫూర్ అవతల దిగుతూ ఉంటే, ఆ వేళకు ఇంకా చెట్టూ చాటూ లేని వాలు మీదే ఉండేవాళ్లమని నా అంచనా. వాన తగ్గాక మొత్తేకు ఎనభై మీటర్లు ఎక్కాం. పూర్వం ఆవుల కొట్టాలుగా ఉన్న పొడవాటి గదుల్లో పడకలు వేసిన హట్ అది. కప్పు దూలాలను చూసి మాస్టారు తన చిన్నప్పటి పశువుల సావడి గురించి చాలాసేపు చెప్పారు.

నాలుగో రోజు సేన్య కనుమకు 646 మీటర్లు ఎక్కి ఇటలీలో అడుగు పెట్టాం. అటు పక్క పెతెరె శిఖరాల నల్లటి కొమ్ములు ఒక్కసారిగా ఎదురవుతాయి. ఎలిజబెత్తా హట్ (2,195) దగ్గర భోజనం చేసి, మామూలుగా అందరూ వెళ్లే పై బాట వదిలి, వేనీ లోయలో నేరుగా నడిచి లా విజాయ్ దగ్గర (1,659) కూర్మాయెర్ బస్సు ఎక్కాం. పై బాట ఎంత అందమైనదో నాకు తెలుసు. మాంట్ బ్లాంక్ దక్షిణ ముఖమంతా అక్కడి నుంచే కనిపిస్తుంది. కాని ఆ బాట కూర్మాయెర్ (1,226) దాకా దిగుతుంది. లోయ దారిలో మొత్తం దిగుడు 857 మీటర్ల దగ్గర ఆగింది, మధ్యలో భోజనపు విరామంతో 321, 536గా రెండు ముక్కలైంది. అతి ఎక్కువ నొప్పి మూడు.

ఫలితం, తర్వాతి మార్పులు

లోజాన్ చేరాక డాక్టరుకు చూపించాం. కీలుకు, స్నాయువులకు దెబ్బ లేదన్నారు. తొడ కండరాన్ని బలపరిచే వ్యాయామాలు ఇచ్చారు. పది రోజులకు నొప్పి పోయింది. ఈ కేసు ఇంత తేలికగా ముగిసిందంటే అందులో నా తెలివి పాలు తక్కువ; మొదటి రోజు 1,100 మీటర్లు దిగిన అరవై దాటిన మోకాలుకు ఇంకా ఘోరమే జరగవచ్చు.

అప్పటి నుంచి నేను మొదటిసారి వచ్చే పెద్దవారికి దారి వేసే పద్ధతి మార్చుకున్నాను. ప్రతి రోజుకూ ఎక్కుడు కంటే ముందు దిగుడు రాస్తాను. మొదటి రోజు దిగుడు 500 మీటర్లు దాటనివ్వను, తర్వాత రోజులకు కండరం అలవాటు పడ్డాక పెంచుతాను. ఈ అంకె పుస్తకంలోది కాదు, నా అనుభవంలోది. కేబుల్ కారు ఉన్నచోట దాన్ని ఎక్కడానికి కాక దిగడానికి వాడదామని చెబుతాను. త్రికోకు బదులు వోజా కనుమ నుంచి బియొనసే పల్లె మీదుగా కొంతమిన్ చేరే కింది దారిని ఎంచుతాను. దృశ్యం కొంత తగ్గుతుంది, వాలు మాత్రం మెత్తగా ఉంటుంది. బుక్ చేసేటప్పుడే ప్రతి హట్‌కూ ఒక బదులు దారి, ఒక బస్సు రాసి పెట్టుకుంటాను. రాలేకపోతే హట్‌కు తప్పక ఫోన్ చేస్తాను. చేయకపోతే మనకోసం వెతుకులాట మొదలుకావచ్చు. యూరప్ అంతటా పనిచేసే 112 అత్యవసర నంబరు అందరి ఫోన్లలోనూ, ఫోను తెరవడం రానివారికి కాగితం మీదా ఉంటుంది.

నెల్లూరు తిరిగి వెళ్లాక మాస్టారు వారానికి రెండుసార్లు నరసింహకొండకు వెళ్తున్నారు. ఆటోలో పైకి వెళ్లి, మెట్ల మీద నడిచి దిగుతారు. రెండు నెలల తర్వాత ఎక్కడం, దిగడం రెండూ నడిచే. ఈ ఏడాది తిరుమల నుంచి అలిపిరికి తొలిసారి మెట్ల మీద దిగారు, మర్నాడు తొడలు పట్టేశాయి గాని మోకాలు ఏమీ అనలేదట. మొన్న ఫోన్ చేసి, కూర్మాయెర్ నుంచి మిగిలిన బాట నడుద్దామని, ఇటలీ నుంచి స్విట్జర్లాండ్‌లోకి దాటే గ్రాం కోల్ ఫెరే కనుమ గురించి అడిగారు.

"దిగుడెంతమ్మా?"

కనుమ ఎత్తు 2,537, లా ఫూలీ ఊరు 1,600, దిగుడు 937. మధ్యలో లా పోల్ అనే పాడి కొట్టం (2,071) దగ్గర ఒక రాత్రి ఆగితే అది 466, 471గా రెండు రోజులకు విడిపోతుంది. జులై రెండో వారానికి అక్కడ ఐదు పడకలు అడిగాను.